ఋషికుల్య దిబ్బ మీద నాలుగున్నర గంటలు

గంజాం పోలీసు స్టేషను
2025 ఫిబ్రవరి 3, సోమవారం, ఉదయం 10.40

నా పేరు మైలపల్లి సూరన్న. తండ్రి అప్పలసామి, ఇప్పుడు లేరు. నా వయసు అరవై తొమ్మిది. ఊరు పొడంపేట. వృత్తి చేపల వేట. ఇప్పుడు సముద్రంలోకి వెళ్ళడం లేదు. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట చిన్న పడవ నడుపుతాను. మాది తెలుగు ఇల్లు. తెలుగు బడిలో అయిదు దాకా చదివాను. ఒడియా మాట్లాడతాను, రాయలేను.

ఎస్సై గారు జరిగింది చెప్పమన్నారు. నాకు నలుగురి ముందు మాట రాదు. రైటరు సస్మిత గారు కాగితాలు ఇచ్చి, నీకు వచ్చిన భాషలో నువ్వే రాయి, తెలుగు మాస్టరమ్మ నాగేశ్వరి గారి చేత ఒడియాలోకి మార్పిస్తాం అన్నారు. అందుకని నా చేత్తో రాస్తున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు. రెండుసార్లు టీ ఇచ్చారు.

బరంపురంలో ఉండే శివరామకృష్ణ గారు నా మీద ఫిర్యాదు ఇచ్చారు. నేను నిన్న వారిని నది మధ్య ఇసుక దిబ్బ మీద వదిలేశానని, చంపుతానని బెదిరించానని, ఇరవై వేలు ఇస్తేనే ఒడ్డుకు తెస్తానన్నానని అందులో ఉంది. వదిలేసిన మాట నిజం. మిగతా రెండూ అబద్ధం. నిన్నటి సంగతి రాయాలంటే నవంబరు సంగతి ముందు రాయాలి. ఎస్సై గారు సరే అన్నారు.

నాకు ఒక్కడే తమ్ముడు, ధనరాజు. వాడికి నలభై ఎనిమిది. మా అమ్మ పోయేనాటికి వాడు నాలుగేళ్ళవాడు. నా భార్య ముత్యాలమ్మే పెంచింది. పదకొండేళ్ళ కిందట మస్కట్‌కి వెళ్ళాడు. అక్కడ చేపల పడవ మీద పని. రెండేళ్ళ కాగితం అన్నారు. రెండేళ్ళయ్యాక ఇంకో రెండేళ్ళు అన్నారు. అలాగే పదకొండు అయ్యాయి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది.

పోయిన ఆగస్టులో వాడు ఫోను చేశాడు. యజమాని పడవను అమ్మేస్తున్నాడు. కొనేవాడు దాన్ని ఆఫ్రికా వైపు తీసుకుపోతాడు. పడవతో పాటు పనివాళ్ళు కూడా వెళ్ళాలి, మూడేళ్ళు. వెళ్ళనన్నవాడి పాస్‌పోర్టు ఇచ్చేస్తారు. కాని వాడి రక్తసంబంధీకుడు ఒకడు స్వయంగా వచ్చి, మాకు ఇక ఏ జీతం బాకీ లేదు అని వేలిముద్ర వేసి, మనిషిని తీసుకుపోవాలి. నవంబరు 14, గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట లోపల. ఒంటిగంటకు పుస్తకం మూసేస్తారు.

"అన్నియ్యా, నువ్వొస్తే నానొచ్చెస్తాను. రాకపోతే ఎల్లిపోతాను. అంతే" అన్నాడు. మా ఇంట్లో అందరివీ పొట్టి మాటలే.

వెళ్తాను అన్నాను. ముత్యాలమ్మ ఒప్పుకోలేదు.

"నీకు నోరు లేదు. నలబయ్యేళ్ళు బట్టీ నా పక్కన కూకుని కూర కావాలంటే గిన్ని సూపిస్తావు. ఆ దేశంలో ఏటి సూపిస్తావు? నోరున్నోణ్ణి ఒకణ్ణి ఎంటబెట్టుకెల్లు."

నోరున్నవారు అంటే మాకు తెలిసినవారు శివరామకృష్ణ గారే. వారు ప్రభుత్వ ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ముత్యాలమ్మ ఇరవై ఏళ్ళుగా వారి వీధిలో చేపలు అమ్ముతోంది. వారి ఇంట్లో సొంత తక్కెడ ఉంది. చేపను నీళ్ళు కారేదాకా తోకపట్టుకుని పైకెత్తి ఉంచి, తర్వాతే తూస్తారు. ముత్యాలమ్మ గంప దించినప్పుడల్లా ఆ నీళ్ళు కారేంతసేపూ నిలబడాలి. ఏటా ఒక దేశం చూసి వస్తారు. వచ్చి, వీధిలో వాళ్ళని కూర్చోబెట్టి ఆ దేశంలో తనను మోసం చెయ్యబోయి ఓడిపోయిన టాక్సీవాళ్ళ గురించి చెబుతారు. దేశం గురించి ఏమీ చెప్పరు. టాక్సీ గురించి చెబుతారు. దాని మీద ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించారు. "పరదేశంలో టాక్సీ మోసం: పాతిక జాగ్రత్తలు" అని దాని పేరు. ముత్యాలమ్మకు ఒకటి ఇచ్చి, చేపల ధరలో పది రూపాయలు తగ్గించుకున్నారు.

వారి టిక్కెట్టు, హోటలు నా ఖర్చు అయితే వస్తానన్నారు. నేను పడవ ఇంజను అమ్మాను. ఇప్పుడు గెడతో నడపడం అందుకే.

ఇక్కడ మా ఒడ్డు పద్ధతి ఒకటి రాయాలి. అది రాయకపోతే నేను మస్కట్‌లో ఎందుకు ఊరుకున్నానో తెలియదు. పడవ ఒడ్డుకు వచ్చాక చేప రాశి పోసి వేలం పాట పెడతారు. పాడేవాడు వేరే ఉంటాడు, పాటగాడు. పడవ యజమాని తన భుజం మీది తువ్వాలు తీసి పాటగాడి భుజం మీద వేస్తాడు. అప్పటినుంచి నోరు పాటగాడిది. యజమాని రాశికి వీపు పెట్టి నిలబడాలి. ధర ఎంత పడిపోయినా మాట్లాడకూడదు. యజమాని నోరు తెరిస్తే పాట విరిగిపోతుంది, కొనేవాళ్ళు వెళ్ళిపోతారు. నచ్చకపోతే ఒక్కటే దారి. వెళ్ళి తువ్వాలు వెనక్కి తీసుకోవాలి. అలా తీసుకున్నవాణ్ణి నా వయసులో ఇద్దరినే చూశాను. అది పాటగాడికి పెద్ద అవమానం.

నవంబరు 14 ఉదయం 9.50కి మేము మస్కట్ విమానాశ్రయం నుంచి బయటికి వచ్చాం. నా తువ్వాలు శివరామకృష్ణ గారి భుజం మీద వేశాను. "ఇక నోరు మీది, బావూ" అన్నాను. వారు దానితో మెడ తుడుచుకుని, "ఇక్కడ ఎండ ఎక్కువే సుమా" అన్నారు.

రేవు అక్కడికి గంట లోపు దారి అని ధనరాజు చెప్పాడు. ద్వారం ఎదురుగానే టాక్సీలు ఉన్నాయి. మొదటి దాని డ్రైవరు తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన, నా ఈడువాడు. హిందీ మాట్లాడాడు. హిందీ నాకు అర్థమవుతుంది. రేవుకి పన్నెండు రియాళ్ళు అన్నాడు. నా ముఖం చూసి, "చాచా, తొందరా?" అని అడిగాడు.

శివరామకృష్ణ గారు నన్ను పక్కకి లాగారు. "సూరన్నా, ముఖం అలా పెట్టకు. నీ ముఖం చూసి వాడు రెండు రియాళ్ళు వేశాడు. తొందర ఉన్నట్టు కనపడకూడదు. జాగ్రత్త నంబరు నాలుగు. కాసేపు ఆకాశం చూడు."

నేను ఆకాశం చూశాను. అందులో ఏమీ లేదు.

వారు ఆరు అన్నారు. డ్రైవరు తల ఊపి తన సీటులో కూర్చున్నాడు. శివరామకృష్ణ గారు నవ్వారు. ద్వారం దగ్గర టాక్సీ ఎక్కేవాడు మూర్ఖుడని, కాంపౌండు దాటి నడిస్తే ధర సగం అవుతుందని, అది జాగ్రత్త నంబరు ఏడు అని చెప్పారు. నడిచాం. నా చేతిలో సంచి ఉంది. అందులో ధనరాజుకి ఒక లుంగీ, చొక్కా, ఎండు చేపల పొట్లం. లుంగీ ఎందుకంటే వాడు తిరుగు ప్రయాణంలో కట్టుకోవడానికి. వారి పెట్టె కూడా నా చేతిలోనే ఉంది.

కాంపౌండు దాటడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అక్కడ నడిచే మనుషులు లేరు. టాక్సీలు కూడా లేవు. ఒకటి వచ్చి ఆగింది, తొమ్మిది అన్నాడు. శివరామకృష్ణ గారు నాలుగున్నర అని, వెనక్కి తిరిగి నడిచారు. నడిస్తే వాడే పిలుస్తాడు, అది తొమ్మిదో జాగ్రత్త. వాడు పిలవలేదు. వెళ్ళిపోయాడు.

"వీడు కొత్తవాడు. పద్ధతి తెలియదు" అన్నారు వారు.

ఇంకొకడు ఎనిమిది అన్నాడు. వాడు కూడా పద్ధతి తెలియనివాడే. మూడోవాడు ఏడుకి ఒప్పుకున్నాడు. ఎక్కేసరికి 11.10 అయింది. నా మొలలో ఇరవై రియాళ్ళు కట్టుకుని ఉన్నాను. ఏ డ్రైవరుకయినా చూపిస్తే ఎక్కించుకునేవాడు. తువ్వాలు వారి భుజం మీద ఉంది. నేను వీపు పెట్టి నిలబడ్డాను.

రేవులో గుమాస్తాకి, వస్తున్నాం అని ఒక్క ఫోను చెయ్యమని కారులో అడిగాను. నా ఫోను అక్కడ పనిచెయ్యదు. వారి ఫోను పనిచేస్తుంది, కాని ఆపేసి పెట్టారు. పరదేశంలో ఫోను తెరిస్తే దోపిడీ అట. అదీ ఒక జాగ్రత్త. నంబరు గుర్తు లేదు.

వారు బరంపురంలోనే దారి పటం అచ్చు తీయించి తెచ్చారు. దాన్ని ఒళ్ళో పరుచుకున్నారు. కొంత దూరం పోయాక డ్రైవరు కుడికి తిప్పాడు. పటంలో తిన్నగా ఉంది.

"ఆపు! ఆపు! చుట్టు తిప్పుతున్నాడు సూరన్నా, చూశావా? నా దగ్గరా!"

తిన్నని దారి తవ్వేశారని డ్రైవరు చెప్పాడు. మూడుసార్లు చెప్పాడు. మూడోసారి నా వైపు చూసి చెప్పాడు. శివరామకృష్ణ గారు పుస్తకం తీసి పదహారో జాగ్రత్త చదివి వినిపించారు, తెలుగులో. డ్రైవరు మూడు రియాళ్ళు తీసుకుని మమ్మల్ని దించేశాడు. 11.55.

తిన్నని దారినే నడిచాం. కొంత దూరం నడిచాక దారికి అడ్డంగా గొయ్యి వచ్చింది. మనిషి లోతు ఉంది. అటు పక్కకి పెద్ద పెద్ద గొట్టాలు పేర్చి ఉన్నాయి. శివరామకృష్ణ గారు గొయ్యిలోకి చూశారు. పటం చూశారు. "ఈ గొయ్యి కొత్తది" అన్నారు.

గొయ్యి చుట్టూ తిరిగి పెట్రోలు బంకు దగ్గరికి వచ్చేసరికి 12.50. అక్కడ ఒక టాక్సీ ఉంది. రేవు అక్కడికి ఎంతో దూరం లేదు. డ్రైవరు అయిదున్నర అన్నాడు. వారు నాలుగు అన్నారు. అప్పుడు నేను నోరు తెరిచాను. రాయకపోతే తప్పవుతుంది కాబట్టి రాస్తున్నాను. "బావూ, ఒంటిగంట అయిపోతంది. ఇచ్చెద్దారి" అన్నాను.

"నోరు మూసుకో సూరన్నా. నువ్వు మాట్లాడితే ఇంతసేపు నేను పడిన కష్టమంతా పోతుంది. ఒంటిగంట అంటే వీళ్ళ దేశంలో రెండు అని అర్థం. టీ తాగుదాం. మనం టీ తాగుతుంటే వాడే దిగొస్తాడు."

నిజమే అనుకున్నాను. యజమాని నోరు తెరిస్తే పాట విరిగిపోతుంది. అప్పుడు వారి భుజం మీంచి తువ్వాలు తీసుకుని ఉంటే నా నోరు నాకు వచ్చేది. చెయ్యి చాపాను కూడా. వారు దాన్ని రెండు చేతులా పట్టుకుని ముక్కు తుడుచుకుంటున్నారు. అవమానం చెయ్యడానికి మనసు ఒప్పలేదు. ఎవరికి అవమానం అని ఇప్పుడు అడుక్కుంటున్నాను.

వాడు దిగొచ్చాడు. నాలుగున్నరకి. వారు చెప్పినట్టే అయింది. అప్పటికి 1.35.

తవ్వేసిన దారి వల్ల చుట్టూ తిరిగి 2.20కి రేవు చేరాం. ఆఫీసు తలుపు దగ్గర గుమాస్తా తాళం వేస్తున్నాడు. మలయాళీ మనిషి. నా పాస్‌పోర్టు చూసి, నన్ను చూసి, తాళం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఒంటిగంటకి పుస్తకం మూసెయ్యాల్సింది, మీ తమ్ముడు బతిమాలితే రెండు దాకా ఆపాను, పడవని కూడా ఆపాను, ఇంకెంతసేపు ఆపను అన్నాడు. ఇదిగో ఇక్కడే కూర్చున్నాడు అని మెట్టు చూపించాడు. మెట్టు మీద వేరుశెనగ తొక్కలు ఉన్నాయి. వాడు చిన్నప్పటినుంచీ తొక్కలు ఒకదానిలో ఒకటి దూర్చి పెడతాడు. అలాగే దూర్చి ఉన్నాయి.

పడవ రాతిగోడ దాటి పోతోంది. నీలం రంగు. వెనక భాగాన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వాడో కాదో నాకు తెలియదు. నా కళ్ళు అంత దూరం ఆనవు. చెయ్యి ఎత్తాను. ఆ మనిషి ఎత్తలేదు. అటు తిరిగి ఉన్నాడేమో.

శివరామకృష్ణ గారు నా భుజం తట్టారు. "పోనీలే సూరన్నా. మూడేళ్ళెంత, ఇలా తిరిగేసరికి అయిపోతాయి. కాని చూశావా, పన్నెండు రియాళ్ళ దారి ఏడున్నరకి వచ్చాం. నాలుగున్నర మిగిలింది. ఇంకెవరైనా అయితే మునిగిపోయేవాళ్ళు."

9.50 నుంచి 2.20 దాకా నాలుగున్నర గంటలు. గంటకి ఒక రియాలు. నా తమ్ముణ్ణి ఆ ధరకి పాడారు.

ఆ రోజు మధ్యాహ్నం ధనరాజు పడవ ఎక్కేముందు ఇంటికి ఫోను చేశాడట. ముత్యాలమ్మ ఎత్తింది. "ఒదినా, అన్నియ్య రాలేదు. పరవాలేదు" అని పెట్టేశాడట. ఆ తర్వాత వాడి ఫోను పలకలేదు. ఈ రోజు దాకా పలకలేదు. వాడి లెక్కలో నేను రాలేదు.

నవంబరు 17న ఇంటికి వచ్చాం. నా తువ్వాలు హోటలు గదిలో ఉండిపోయింది. వచ్చేదారిలో అడిగితే, "వదిలేశానయ్యా, పాతదే కదా" అన్నారు.

ఇక నిన్నటి సంగతి. ఫిబ్రవరి 2, ఆదివారం. పంచమి. ఊళ్ళో బడి దగ్గర సరస్వతీ పూజ మైకు పాడుతోంది. ఉదయం 9 గంటలకి శివరామకృష్ణ గారు స్కూటరు మీద మా ఒడ్డుకి వచ్చారు. చేతిలో పొడుగు కర్ర, కర్ర చివర ఫోను. ఈ మధ్య వారు ఫోనులో జనానికి పాఠాలు చెబుతున్నారట.

"ఏం సూరన్నా, బాగున్నావా? ఆరోగ్యం ఎలా ఉంది? ముత్యాలమ్మ ఈమధ్య మా వీధికి రావడం లేదేం? చేప బాగుంటోందా?"

నేను తల ఊపాను. తర్వాతి మాట ఏమిటా అని చూశాను. వారు దిబ్బ మీద పిట్టలు చాలా వాలుతున్నాయని విన్నామన్నారు. తీసుకెళ్ళమన్నారు. ఎంత అన్నారు. రానుపోను రెండు వందలు అన్నాను. మా దగ్గర ధర ఇసుక మీదే చెబుతాం. నీళ్ళ మీద ధర మాట్లాడం. వారు ఎక్కి కూర్చుని, "పద పద, చూద్దాం" అన్నారు.

నీళ్ళ మధ్యకి వచ్చాక వారు ఫోను తన ముఖానికి పెట్టుకుని మాట్లాడారు. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"మిత్రులారా, మోసం చెయ్యడానికి పరదేశమే అక్కర్లేదు. మన గంజాం పడవవాడు కూడా రెండు వందలు అంటాడు. ఎంతకి తగ్గిస్తానో చూడండి. ఇదిగో, ఈ సూరన్న నాతో మస్కట్ వచ్చాడు. పన్నెండు రియాళ్ళ చోట ఏడున్నరకి తీసుకెళ్ళాను. సాక్షి ఇతనే. చెప్పు సూరన్నా, ఎంత మిగిల్చాను? సిగ్గుపడకు, చెప్పు."

ఫోను నా ముఖానికి తిప్పారు. నేను గెడ వేస్తూ ఉన్నాను.

"అక్కడ మీవాడి పని కూడా ఏదో ఉండింది కదా. అది కుదరలేదనుకో. కాని టాక్సీ దగ్గర మాత్రం గెలిచాం. అవునా?"

మీవాడు అన్నారు. పేరు గుర్తు లేదు.

9.30కి దిబ్బ తగిలింది. వారు కర్ర పట్టుకుని దిగారు. జేబులోంచి యాభై రూపాయల నోటు తీసి పడవ చెక్క మీద పెట్టారు. "ఇది ఉంచు. మిగతాది మన స్నేహం" అని నవ్వి, ఆ నవ్వును కూడా ఫోనులోకి ఎక్కించుకున్నారు.

నేను నోటు తీసుకెళ్ళి దిబ్బ మీద పెట్టాను. ఎగిరిపోకుండా దాని మీద ఒక ఆలిచిప్ప పెట్టాను. వారి గొడుగు, రెండు మంచినీళ్ళ సీసాలు పక్కన పెట్టాను. పడవ వెనక్కి నెట్టాను. నలభై బారల దూరంలో గెడ దింపి, పడవ దానికి కట్టేసి, దిబ్బకి వీపు పెట్టి కూర్చున్నాను.

చంపాలని వదిలేశానని ఫిర్యాదులో రాశారు. ఆ దిబ్బ పున్నమికీ అమావాస్యకీ మునుగుతుంది. పంచమి పోటుకి మునగదు. అంచులు తడుస్తాయి, అంతే. పోటు పన్నెండు లోపు ఆగిపోతుంది. ఇది మా ఒడ్డున ఎవరిని అడిగినా చెబుతారు. వారు నన్ను అడగలేదు. ఆలస్యమైతే ఏమవుతుంది అని అడిగే అలవాటు వారికి లేదు. ఎంత అని అడిగే అలవాటే ఉంది. నేను ఈదగలను. నలభై బారలు నాకు రెండు నిమిషాలు.

10.10కి మా ఊరి పింటు మరపడవ అటు వచ్చింది. పింటుకి ముప్ఫై అయిదేళ్ళు, పెళ్ళాం పిల్లలు ఉన్నారు, అడిగితే సాక్ష్యం చెబుతాడు. శివరామకృష్ణ గారు చేతులు ఊపి పిలిచారు. పింటు దిబ్బ దాకా పోయి మూడు వందలు అడిగాడు.

"మూడు వందలా! తెడ్డు పడవవాడే రెండు వందలు అన్నాడు. నూట యాభై."

"నూట యాబైకి డీజిలొస్తదేటి బావూ? నాను ఈత నేర్పను, ఒడ్డున దింపుతాను."

వారు వెనక్కి తిరిగి అయిదడుగులు నడిచారు. తొమ్మిదో జాగ్రత్త. దిబ్బ మీద అంతకంటే నడవడానికి పెద్ద చోటు లేదు. పింటు కొంతసేపు చూశాడు. "ఏటి సూరన్న మావా, ఈయన ఎక్కడికి నడస్తన్నాడు?" అని నన్ను అడిగాడు. నేను పలకలేదు. ఇంజను తిప్పుకుని వెళ్ళిపోయాడు. కాబట్టి వారు 10.10కే ఒడ్డుకి చేరగలిగేవారు. నూట యాభై రూపాయల తేడా.

పింటు వెళ్ళాక వారు నాకు కేక వేశారు. "సరే సూరన్నా, నీ రెండు వందలూ ఇస్తానులే, రా!" నేను తిరగలేదు. 10.30కి అయిదు వందలు అన్నారు. 11కి నీళ్ళు పక్కలకి ఎక్కుతున్నాయి. వెయ్యి అన్నారు. 11.15కి రెండు వేలు. తర్వాత అయిదు వేలు. వారు దిబ్బ నడుమకి వచ్చి చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డారు. పిట్టలు ఎప్పుడో లేచిపోయాయి. 11.40కి ఇరవై వేలు అన్నారు. ఇరవై వేలు అన్నప్పుడు గొంతు బొంగురుపోయింది.

ఫిర్యాదులో ఉన్న ఆ ఇరవై వేల మాట ఇలా వచ్చింది. నేను ఒక్క రూపాయి అడగలేదు. పాట వారిదే. పాట నడుస్తుంటే పడవ యజమాని మాట్లాడకూడదు. నేను మాట్లాడలేదు.

పన్నెండు కావస్తుండగా పోటు ఆగింది. వారు ఒక పుల్ల గుచ్చి పెట్టుకుని నీటి గీత చూస్తూ ఉన్నారు. గీత పుల్ల కిందికి దిగింది. అది చూసుకున్నాక, "సూరన్నా, పదివేలు! అంతకంటే రాదు!" అన్నారు. నేను అప్పుడు ఒక్కసారి తిరిగి చూశాను. నిజంగా అంటున్నారా అని. నిజంగానే అంటున్నారు. 12.30కి మూడు వేలు అయింది. ఒంటిగంటకి అయిదు వందలు. నీరు ఎంత తీస్తే అంత తగ్గించారు.

ఒంటిగంట దాటాక స్టేషనుకి ఫోను చేశారట. ఫోను ఉదయం నుంచీ వారి చేతిలోనే ఉంది, ఇక్కడ దోపిడీ కూడా లేదు. అంతవరకు ఎందుకు చెయ్యలేదో నాకు తెలియదు. పోలీసు పడవకి ఎంత అడుగుతారో అనుకున్నారేమో.

రెండింటికి నేను గెడ పీకి దిబ్బకి వెళ్ళాను. "ఎక్కండి" అన్నాను. వారు ఎక్కారు. ఎక్కేముందు వెనక్కి వెళ్ళి, ఆలిచిప్ప తీసి, దాని కింద ఉన్న యాభై రూపాయల నోటు దులిపి, జేబులో పెట్టుకున్నారు. ఒడ్డు ఇంకా ఒక బార ఉందనగా "రెండు వందలు ఇస్తాను, సరేనా?" అన్నారు. ఒడ్డున జీపు చూశాక ఆ మాట కూడా మానేశారు. వారు దిబ్బ మీంచి పడవలో కాలు పెట్టిన గంట 2.00. గడియారం చూసే తెచ్చాను. నేను డబ్బు తీసుకోలేదు. అది రాసుకోవాలి.

నువ్వు ముసలివాడివి, నెమ్మది మనిషివి అంటున్నారు, ఎందుకు చేశావు అని ఎస్సై గారు అడిగారు. ఆ నాలుగున్నర గంటల్లో వారు ఒక్కసారి, ధనరాజు ఏమయ్యాడు అని అడిగితే తెచ్చేద్దామనుకున్నాను. పేరు అక్కర్లేదు. మీవాడు ఏమయ్యాడు అన్నా చాలు. గాలి వారి వైపు నుంచి నా వైపుకే ఉంది. అన్ని మాటలూ వినపడ్డాయి. ఆ మాట రాలేదు. దీనికి శిక్ష ఏమిటో వెయ్యండి. నాకు వారి మీద కోపం లేదు. గంపలోంచి జారి పడిన కుళ్ళు చేప మీద ఎవరికి కోపం ఉంటుంది? కాకి కూడా చూసి వదిలేస్తుంది.

ఇంకొక్క సంగతి. నవంబరు 25న ఒకసారి, డిసెంబరులో రెండుసార్లు ధనరాజు గురించి అర్జీలు పెట్టాను. అవి ఎవరూ చదివినట్టు లేదు. ఈ కాగితం ఒడియాలోకి, ఇంగ్లీషులోకి మారి కోర్టుకి పోతుందని, పోలీసు కాగితాన్ని ఎవరో ఒకరు చదవక తప్పదని సస్మిత గారు చెప్పారు. అందుకని ఇందులో రాస్తున్నాను. పడవ రంగు నీలం. ముందు భాగాన తెల్లని అంకెలు 4417 అని రేవు గుమాస్తా చెప్పాడు. మనిషి పేరు మైలపల్లి ధనరాజు, వయసు నలభై ఎనిమిది, ఎడమ చేతికి చిటికెన వేలు సగమే ఉంటుంది. వాడికి ఎవరైనా చెప్పగలిగితే ఇంత చెప్పాలి. మీ అన్నియ్య వచ్చాడు. 2.20కి వచ్చాడు. తొక్కలు చూశాడు.

ఈసారి నా తువ్వాలు ఎవరి భుజం మీదా వెయ్యలేదు. నేనే చెప్పుకున్నాను.

పైన రాసినదంతా నేను చేసింది, నేను చూసింది, నేను విన్నది. కలిపింది లేదు, దాచుకున్నది లేదు. నాగేశ్వరి గారు మొత్తం నాకు చదివి వినిపించారు. రెండు చోట్ల గంటలు సరిదిద్దాను. సంతకం వచ్చినవాడికి సంతకం చాలన్నారు. ఇంకు నేనే అడిగి వేలిముద్ర కూడా వేస్తున్నాను. ఇది నవంబరు 14న ఒంటిగంట లోపల వేరే పుస్తకంలో పడాల్సింది.

(సం.) మైలపల్లి సూరన్న
ఎడమ బొటనవేలి ముద్ర
మధ్యాహ్నం 2.20